సన్మానితులు పరిగెత్తరాదు

నన్ను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, నా దారికి అడ్డంగా ముళ్ళకంప వెయ్యలేదు. మా చింతలరేవు పురపాలక సంఘం నా పట్ల చేసిన పని ఒక్కటే. నన్ను గౌరవించింది. ఆ గౌరవాన్ని తట్టుకుని బతికి బయటపడ్డాను కాబట్టి చెబుతున్నాను, వినండి.

నా పేరు వాకపల్లి సూరిబాబు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కూర్చునే ఉన్నాను కదా, రిటైరయ్యాక లేచి పరిగెత్తడం మొదలుపెట్టాను. మొదట్లో బీచి దాకా, తరవాత లైట్‌హౌస్ దాకా, ఆ తరవాత ఎవరూ అడక్కుండానే పక్క మండలం దాకా వెళ్ళొచ్చేవాణ్ణి. మా ఆవిడ మంగతాయారు కొన్నాళ్ళు నవ్వింది, కొన్నాళ్ళు కోప్పడింది. చివరికి రాత్రి పడుకోబోయే ముందు గుమ్మం పక్క మేకుకి ఒక తువ్వాలు తగిలించడం అలవాటు చేసుకుంది.

మా ఊళ్ళో ఏటా పురపాలక సంఘం వారు మారథాన్ పెడతారు. నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు, ఆరు గంటల గడువు. పరిగెత్తలేక చతికిలబడ్డవాళ్ళని ఏరుకోవడానికి అందరి వెనకాలా ఒక బస్సు వస్తుంది. కిందటేడు ఆ బస్సు నన్ను ఏరుకుంది. ముప్పై మూడో కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన రాయి మీద కూలబడితే, వచ్చి నా పక్కనే ఆగింది. డ్రైవరు ఎవరనుకున్నారు? ఏసుదాసు. వాడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది నేనే.

తలుపు తీసి, "గురూగారండీ, ఎక్కండి. ఏం పర్లేదు" అన్నాడు.

ఎక్కాను. నా జన్మలో ఎన్ని ఊళ్ళ జనాన్ని బస్సెక్కించానో లెక్కలేదు గానీ, ఆ రోజు నేను ఎక్కినట్టు ఎవరూ ఎక్కి ఉండరు. లోపల అరటి తొక్కలు, మూలుగులు, కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంటున్న ఒక నడివయసాయన. ఏసుదాసు అద్దంలో నా మొహం చూడకూడదని నానా తంటాలూ పడ్డాడు. అద్దం చూడకుండా బండి తోలడం ఎంత కష్టమో నాకు తెలుసు. బస్సు ముగింపు గీత మీదుగా పోతుంటే జనం అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు నాకు అరవై నాలుగు. వచ్చే ఏటి నుంచి అరవై అయిదు నిండినవాళ్ళని పూర్తి మారథాన్‌కి రానివ్వరట, అయిదు కిలోమీటర్ల నడకకి మాత్రమే రానిస్తారట. అంటే నాకు ఇదే ఆఖరుది. ఆ గీత నా కాళ్ళతో దాటాలి. ఆ బస్సు ఎక్కకూడదు. నాకు కావలసింది ఇంతే.

ఈలోగా మా ఊరు 'వయోమిత్ర పట్టణం' అయింది. మా కమిషనరు శశిభూషణ్ గారు రాజధానిలో ఏదో సదస్సుకి వెళ్ళి, పెద్దలను గౌరవించని పట్టణానికి భవిష్యత్తు లేదని విని వచ్చారు. వచ్చీ రాగానే కౌన్సిలు చేత తీర్మానం చేయించారు. అది నాకు ఇప్పుడు నోటికి వచ్చు. "పురపాలక పరిధిలోని ఏ వార్డునందైనను అరవై యేండ్లు పైబడిన క్రీడాకారుడు క్రీడాస్థితిలో తటస్థపడిన యెడల, సదరు వార్డు సదరు క్రీడాకారుని సముచిత రీతిన సత్కరించక ముందుకు పంపరాదు." దీని అమలు కోసం గౌరవ విభాగం అని ఒకటి తెరిచి, పన్నుల విభాగంలో ఎవరితోనూ సరిపడని ఆంజనేయ ప్రసాద్ అనే సూపరింటెండెంటుని అందులో కూర్చోబెట్టారు.

ఈ సంగతేమీ నాకు తెలీదు. మారథాన్‌కి మూడు వారాల ముందు ఒక పెద్ద పరుగు ఉంటుంది. ముప్పై కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా. అదయ్యాక ఇక రోజురోజుకీ తగ్గించుకుంటూ కాళ్ళకి విశ్రాంతి ఇవ్వాలి. ఆగకుండా అన్నది ముఖ్యం. ఆగితే నా పిక్కలు బిగుసుకుపోతాయి, కిందటేడు నన్ను ముంచింది అదే. ఆ ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరి చేపల మార్కెట్టు సెంటరుకి వచ్చేసరికి రోడ్డుకి అడ్డంగా షామియానా, మైకు, నా బొమ్మతో ఫ్లెక్సీ. ఆంజనేయ ప్రసాద్ గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"తమరు క్రీడాస్థితిలో ఉన్నారా?" అని అడిగారు.

"పరిగెడుతున్నానండి" అన్నాను.

"అయితే ఉన్నట్టే. ఆసీనులు కండి."

కుర్చీలో కూర్చోబెట్టారు. వార్డు కౌన్సిలరు మైకు పుచ్చుకుని, నేను ఆయనకి తండ్రితో సమానమని చెప్పాడు. ఆయనకీ నాకూ మహా అయితే ఏడాది తేడా ఉంటుంది. శాలువా కప్పి, పూలదండ వేసి, జ్ఞాపిక చేతిలో పెట్టి, "పరుగు రత్న" అని బిరుదు ఇచ్చారు. ఆ పైన ప్రసాద్ గారు నియమం చెప్పారు. కప్పిన శాలువా వార్డు పొలిమేర దాటేదాకా తియ్యకూడదు. తీస్తే వార్డుని అవమానించినట్టు.

వద్దంటే పోయేదిగా అంటారు మీరు. మా వైపు సంగతి మీకు తెలీదు. ఎదుటివాడు శాలువా పట్టుకుని నిలబడితే "అబ్బే, ఇప్పుడివన్నీ ఎందుకండీ" అనాలి, అంటూనే మెడ వంచాలి. మెడ వంచకుండా ఆ మాట అన్నవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నేనూ అన్నాను, వంచాను.

పోనీలే ఒక్కటే కదా అని శాలువాతోనే లగెత్తాను. పక్క వార్డు పొలిమేరలో ఇంకో షామియానా. అక్కడ "పాదచక్రవర్తి". ఆ తరవాతి వార్డులో "ఊపిరి సార్వభౌమ". పాత శాలువా తియ్యబోతే, ఈ వార్డులో ఆ వార్డు శాలువా తీస్తే ఆ వార్డు వాళ్ళు ఏమనుకుంటారని వీళ్ళే నొచ్చుకుని, దాని మీదే తమది కప్పారు. మా సముద్రపు గాలిలో, ఉక్కపోతలో, శాలువా మీద శాలువాతో పరిగెత్తడం ఎలా ఉంటుందో చెప్పలేను. దండలోంచి చీమలు దిగి పని మొదలుపెట్టాయి.

ప్రసాద్ గారు మోటారు సైకిలు మీద నాకంటే ముందు ప్రతి షామియానాకీ చేరిపోతున్నారు. నేను తెలివి ఉపయోగించి ఉప్పుటేరు రోడ్డు ఎక్కాను. ఆ రోడ్డుకి ఎడమ పక్క ఒక వార్డు, కుడి పక్క ఒక వార్డు. నడి మధ్య తెల్ల గీత మీద పరిగెడితే ఎవరికీ చెందను కదా అని నా ఎత్తు. వెళ్ళి చూస్తే ఎడమ పక్క ఒక షామియానా, కుడి పక్క ఒక షామియానా, గీత మీద నా కుర్చీ. రెండు మైకుల్లో ఇద్దరు కౌన్సిలర్లు ఒకేసారి మాట్లాడారు. ఇద్దరికీ నేను తండ్రినే. ఎడమ భుజానికి ఎడమ వార్డు, కుడి భుజానికి కుడి వార్డు శాలువాలు కప్పాయి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నేను పరిగెత్తింది పదకొండు కిలోమీటర్లు. మిగతా సమయమంతా కుర్చీల్లోనే ఉన్నాను. చివరి వార్డు వాళ్ళకి బిరుదులు అయిపోయి, "నిలకడ నిధి" అని ఇచ్చారు. అప్పటికి పిక్కలు పట్టేసి నిలబడే ఉన్నాను కాబట్టి కాదనలేకపోయాను.

ఇంటికి వచ్చాక తాయారు శాలువాలన్నీ నా ఒంటి మీంచి ఒక్కొక్కటే ఒలిచింది. ఒకదానితో నా వీపు తుడవబోయి, వేళ్ళతో నలిపి చూసి అవతల పారేసింది.

"ఇన్నిట్లో ఒక్కటైనా చెమట పీల్చేది లేదండి. ఒళ్ళు తుడుచుకోడానికి పనికిరాని బట్ట కూడా ఒక బట్టేనా?" అంది. మేకుకి ఉన్న తువ్వాలు తెచ్చి తుడిచింది.

పెద్ద పరుగు పోయింది. ఇంకో ఆదివారం మించితే మారథాన్ లోపు కాళ్ళు కోలుకోవు. ఇక చేతులెత్తేద్దామనుకుంటూ ఉంటే ఏసుదాసు ఇంటికి వచ్చాడు. కిందటేటి బస్సు సంగతి నేనూ ఎత్తను, వాడూ ఎత్తడు. టీ తాగుతూ నెమ్మదిగా అన్నాడు.

"గురూగారండీ, డిపోలోకొచ్చెయ్యండి. మన డిపో ఏ వార్డులోనూ లేదు."

"అదేంట్రా, ఊరి నడిబొడ్డున పెట్టుకుని?"

"మరదేనండి. గేటు ముందు మురుక్కాలవ పొంగినప్పుడల్లా ఇటు వార్డోళ్ళు మాది కాదంటారు, అటు వార్డోళ్ళు మాది కాదంటారు. ఇద్దరూ సంతకాలు పెట్టి మరీ రాసిచ్చేరండి. మన డిపోలో ఓట్లు లేవు కదండీ."

తరవాతి ఆదివారం డిపోలో పరిగెత్తాను. ఆగి ఉన్న బస్సుల చుట్టూ, డీజిలు బంకు పక్క నుంచి, వర్క్‌షాపు వెనక నుంచి, మళ్ళీ గేటు దాకా. మొదటి చుట్టుకి మెకానిక్కులు తలెత్తి చూశారు. రెండో చుట్టుకి నవ్వారు. ఆ తరవాత నన్ను పట్టించుకోవడం మానేశారు. ఆహా, మనిషిని ఎవరూ పట్టించుకోకపోవడంలో ఇంత సుఖం ఉందని నాకు అంతకు ముందు తెలీదు. డీజిలు వాసన, తడి నేల, టైర్ల గుట్ట, ముప్పై ఏళ్ళు నేను అన్నం తిన్న చోటు. పిక్కలు ఒకసారి గుంజాయి గానీ వదిలేశాయి. ముప్పై కిలోమీటర్లూ అయ్యాక ఏసుదాసు బస్సు మెట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఇక మారథాన్ చెయ్యగలనని అప్పుడు నమ్మకం కుదిరింది.

కళ్ళు తుడుచుకుని చూస్తే గేటు బయట రెండు ఊరేగింపులు నిలబడి ఉన్నాయి. ఎవరు చెప్పారో ఏమో, ఇటు వార్డు వాళ్ళు బ్యాండు మేళంతో, అటు వార్డు వాళ్ళు సన్నాయితో వచ్చేశారు. డిపో మాదంటే మాదని తగువు. ఇటు వాళ్ళు రెండు తరాలుగా మాదేనన్నారు. అటు వాళ్ళు, కాలవతో సహా మాదేనన్నారు. మాటా మాటా పెరిగి, శాలువా మడతలు విప్పకుండానే ఒకళ్ళనొకళ్ళు బాదుకున్నారు. మర్నాడు కమిషనరు గారు నన్ను పిలిపించారు.

శశిభూషణ్ గారు చిన్నవాడు, చురుకైనవాడు, ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వింటాడు. విన్న తరవాత తన మాటే చెబుతాడు.

"అయ్యా, నన్ను గౌరవించడం ఆపించండి. నేను పరిగెత్తుకోవాలి" అన్నాను.

"సూరిబాబు గారూ, గౌరవం పౌరునికి పురపాలక సంఘం అందించే సేవ. నీటి సరఫరా వంటిది. మీరు వద్దన్నారని గొట్టం తీసుకుపోలేం కదా" అన్నారాయన.

"పోనీ ఇంకెవరికైనా చెయ్యండి. ఊళ్ళో ముసలివాళ్ళు నేనొక్కణ్ణేనా?"

ఆయన ప్రసాద్ గారి వైపు చూశారు. ప్రసాద్ గారు గొంతు సవరించుకున్నారు. "తీర్మానమునకు పూర్వం అరవై పైబడిన పరుగువీరులు పట్టణంలో పెక్కుమంది ఉండేవారు. తీర్మానము అమలైన పిమ్మట తమరు తప్ప అందరూ పరుగు విరమించుకున్నారు. కావున అన్ని వార్డుల వార్షిక లక్ష్యమూ తమరి మీదనే ఆధారపడి యున్నది."

"వాళ్ళంతా ఎందుకు మానేశారో అడిగారా?"

"వయోభారము చేత అని నమోదు చేశాము."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా కుర్చీలో కూర్చుని నవ్వాను, అదీ మా వైపు అలవాటే. అప్పుడు కమిషనరు గారు ఒక దారి చూపించారు. వార్డు సత్కారం కంటే పై మెట్టు సత్కారం ఇంకోటి ఉందట, జీవన సాఫల్య పురస్కారం. పై మెట్టు సత్కారం అందుకున్న వ్యక్తికి మళ్ళీ కింది మెట్టు సత్కారం చెయ్యడం నియమాలు ఒప్పుకోవట. అంటే అది పుచ్చుకుంటే ఇంకే వార్డూ నా జోలికి రాదు.

"బాబ్బాబు, అదే ఇప్పించండి" అన్నాను. ప్రసాద్ గారు, నేనే కోరి అడిగినట్టు రాసుకున్నారు.

మారథాన్‌కి మూడు రోజుల ముందు టౌను హాలులో ఆ పురస్కారం ఇచ్చారు. గజమాల వేశారు. నా బొమ్మ నా కంటే ఎత్తున అట్టతో చేయించి పక్కన నిలబెట్టారు. అందరూ నాతో కాకుండా దానితో ఫోటోలు దిగారు. ఇంతటితో పీడా వదిలిందని నేను హాయిగా చప్పట్లు వింటూ కూర్చున్నాను. చివర్లో కమిషనరు గారు మైకు దగ్గరికి వచ్చారు.

"ఆదివారం జరగబోయే మారథాన్‌కు శ్రీ సూరిబాబు గారు ముఖ్య అతిథిగా వ్యవహరిస్తారని ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. వారి పోటీ నంబరు సగౌరవంగా రద్దు చేయడమైనది."

నేను లేచి, "అదేంటండీ, నేను పరిగెత్తాలి కదా" అన్నాను.

"ఎలా పరిగెత్తుతారు? జీవన సాఫల్యం పొందిన వ్యక్తి మళ్ళీ పరిగెత్తితే, సాఫల్యం ఇంకా కలగలేదని పురపాలక సంఘమే ఒప్పుకున్నట్టు అవుతుంది. సన్మానితులు పరిగెత్తరాదు. మార్గం పొడవునా మీరు వయోగౌరవ రథంలో ఆసీనులై విచ్చేస్తారు."

"వార్డుల్లో ఇంక సత్కారాలు ఉండవన్నారు కదండీ" అన్నాను ప్రసాద్ గారితో, గొంతు తగ్గించి.

"వ్యక్తికి ఉండవండి. రథమునకు చేయుటకు అభ్యంతరము లేదు. లక్ష్యము పూర్తి కావలెను కదా."

"రథం ఎక్కడిది?"

"మారథాన్ నిమిత్తం మా ఆధీనంలో ఉన్న వాహనము ఒక్కటే కదండీ" అన్నారాయన. "వెనుక వచ్చే బస్సు. దానినే అలంకరిస్తున్నాము."

ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. మంచం మీద పడి గోడ వైపు తిరిగాను. ఆ బస్సు ఎక్కకూడదని ఏడాది పాటు చెమటోడ్చిన వాడికి, అదే బస్సులో సింహాసనం వేస్తున్నారు. నాకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది, రెండూ మింగేశాను.

తాయారు పక్కన కూర్చుంది. "పోనీ ఒంట్లో బాలేదని చెప్పెయ్యండి" అంది.

"చెబితే పరామర్శకి వస్తారే. వార్డుకి ఒకళ్ళు చొప్పున పళ్ళబుట్టలతో వస్తారు."

తాయారు లేచి బీరువాలోంచి నా పట్టుపంచె తీసింది. దాని పక్కన నా పరుగు లాగు పెట్టింది.

"ఇది లోపల వేసుకోండి. ఇది పైన కట్టుకోండి. మిగతాది ఏసుదాసుతో నేను మాట్లాడతా" అంది.

ఆదివారం తెల్లవారకముందే ప్రారంభ గీత దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. అందరి వెనకాలా బస్సు. బంతిపూలు, అరటి బోదెలు, ముందు అద్దం మీద నా మొహం. లోపల ముందు సీట్లు పీకేసి పెళ్ళి రిసెప్షను కుర్చీ ఒకటి వేశారు. దాని వెనక నా అట్టబొమ్మ నిలబెట్టారు. నన్ను చెప్పులు విప్పించి కుర్చీలో కూర్చోబెట్టి, ప్రసాద్ గారు పక్కనే ఇనప స్టూలు మీద కూర్చున్నారు. ఏసుదాసు స్టీరింగు దగ్గర ఉన్నాడు. వాడి సీటు కింద నా బూట్లు ఉన్నాయి.

తుపాకి పేలింది. అందరూ పరిగెత్తారు. నా గుండె వాళ్ళతో పాటే పోయింది, నేను కుర్చీలో ఉండిపోయాను. ఆఖరివాడు గీత దాటేదాకా బస్సు కదలకూడదు. ఇంకా ఓ పదిమంది మిగిలి ఉండగా ప్రసాద్ గారి వైపు వంగాను.

"ఏవండీ, లఘుశంక. సన్మానితులు దిగవచ్చునా?"

ఆయన ఆలోచించారు. "గౌరవమునకు భంగము కాదు. వెళ్ళి రండి. ఎంతసేపు పట్టవచ్చును?"

"వయసు మీద పడింది కదండీ. చెప్పలేను."

డ్రైవరు తలుపు లోంచి దిగాను. ఏసుదాసు నా వెనకే దిగి బూట్లు అందించాడు. బస్సు వెనకాల పంచె విప్పి చంకలో పెట్టుకొచ్చిన సంచీలో కుక్కి, వాడి చేతికి ఇచ్చాను. "మెల్లగా ఎల్లండి గురూగారూ, మొదట్లో తొందరపడకండి" అన్నాడు. కిందటేడు ఈ మాట చెప్పి ఉంటే బాగుండేదని నాకూ అనిపించింది, వాడికీ అనిపించే ఉంటుంది. అందరికంటే ఆఖర్న గీత దాటాను.

ఆ తరవాత బస్సులో జరిగింది నాకు ఏసుదాసు చెప్పాడు. నేను రాకపోయేసరికి ప్రసాద్ గారు కంగారుపడి కమిషనరు గారికి ఫోను చేశారట. బస్సు ఆపితే వార్డుల కార్యక్రమాలన్నీ ఆగిపోతాయి. సన్మానితుడు లేకుండా నడిపితే సన్మానం ఎవరికి? అవతల కమిషనరు గారు కాసేపు ఆలోచించి, గ్రహీత హాజరు కాలేకపోయినప్పుడు కుర్చీకి శాలువా కప్పి ఫోటో తీసే సంప్రదాయం మనకు ఎప్పటి నుంచో ఉన్నదే కదా అన్నారట. ప్రసాద్ గారు ఊపిరి పీల్చుకున్నారట. కుర్చీ ఖాళీగా ఉండటం వల్ల పని త్వరగా అవుతుందని కూడా అన్నారట.

కానీ త్వరగా అవలేదు. కుర్చీ మెడ వంచదు కదా. ప్రతి వార్డులోనూ దానికి శాలువా నిలిచేలా కప్పడానికి నలుగురు పట్టారు.

నేను మటుకు పరిగెడుతున్నాను. చేపల మార్కెట్టు సెంటరులో షామియానా కనబడగానే ప్రాణం పోయింది. నన్ను గుర్తుపడితే అయిపోయినట్టే. పక్కనుంచి పోదామని తల దించుకుని వెళ్తుంటే, నాకు తండ్రి స్థానం ఇచ్చిన ఆ కౌన్సిలరే నా భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపాడు.

"తాతగారూ, కాస్త అవతలకి తప్పుకోండి. సన్మాన రథం వస్తోంది. ఎవరో పెద్దాయనంట" అన్నాడు.

తప్పుకున్నాను. శాలువా లేకుండా నన్ను ఈ ఊళ్ళో ఎవరూ ఆనవాలు పట్టలేరని అప్పుడు తెలిసింది. ఆ తరవాత భయం లేకుండా పోయింది. "పాదచక్రవర్తి" అని రాసిన ఫ్లెక్సీ కింద నిలబడి, నా బొమ్మ నీడలోనే నీళ్ళు తాగాను. ఉప్పుటేరు రోడ్డులో తెల్ల గీత మీద పరిగెత్తాను. అటూ ఇటూ రెండు మైకులు రథం గురించి మాట్లాడుతున్నాయి. ఎవరూ నన్ను ఆపలేదు.

ముప్పై మూడో కిలోమీటరు దగ్గర ఆ రాయి అలాగే ఉంది. ఎడమ పిక్క గుంజింది. ఒక్క అడుగు తేడాగా పడింది, ఇంకొకటి పడింది. వెనక దూరంగా బస్సు ఇంజను మోత వినబడింది. ఆ మోత నాకు నిద్రలో కూడా తెలుసు. ఇక అయిపోయిందనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఎక్కడో రోడ్డు మలుపులో, షామియానా ముందు ఆగి ఉంది. ఏసుదాసు నన్ను చూశాడు కాబోలు, లైట్లు ఒకసారి వెలిగించి ఆర్పాడు. దారిలో ఎదురుపడ్డ డ్రైవర్లం అలాగే పలకరించుకుంటాం. నేను చెయ్యెత్తాను. రాయి దాటిపోయాను.

చివర్లో నడిచాను, కుంటుతూ సాగాను, మళ్ళీ పరిగెత్తాను. నోట్లో ఉప్పు, కళ్ళలో ఉప్పు. గీత దగ్గర గడియారం ఇంకా తీసెయ్యలేదు, ఆరు గంటలు ఇంకా నిండలేదు. దాటాను. నా కాళ్ళతో దాటాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్కడ కూర్చున్న అమ్మాయి నా చొక్కా వైపు చూసింది.

"మీ నంబరేది తాతగారూ?"

"లేదమ్మా. రద్దు చేశారు."

"అయితే మీరు పరిగెత్తినట్టు లెక్కలోకి రాదండి" అంది పాపం, బాధపడుతూనే. ఒక అరటిపండు ఇచ్చింది.

"ఫరవాలేదమ్మా" అన్నాను. నిజంగానే ఫరవాలేదనిపించింది. నాకు ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు.

చాలాసేపటికి రథం వచ్చింది. గీతకి కాస్త ఇవతల ఆగింది. ప్రసాద్ గారు దిగి నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయన పరిగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి. మనిషి అలిసిపోయి ఉన్నాడు, చొక్కా నిండా బంతిపూల రేకులు.

"వచ్చేశారా. ఎంతసేపని చూస్తామండీ" అన్నారు. లఘుశంక సంగతి ఆయన ఇంకా నమ్ముతూనే ఉన్నారో ఏమో తెలీదు. "ఒక్క నిమిషము. తమరు రథములో ఆసీనులై గీత దాటుచున్నట్టు ఒకే ఒక్క ఫోటో. అంతే. కార్యక్రమము సంపూర్ణమగును."

బస్సు తలుపు తీసి ఉంది. ఏసుదాసు స్టీరింగు మీద చేతులు పెట్టి ఎదురుగా చూస్తున్నాడు. ఈసారి వాడు ఎక్కమనలేదు.

"వద్దండి" అన్నాను.

ప్రసాద్ గారు నా మెడ వైపు చూస్తూ ఆగారు. వంచుతానని చూశారు. నేను ఎందుకండీ అనలేదు, వద్దన్నాను. అరవై నాలుగేళ్ళలో మొదటిసారి అన్నాను. నేను ఊరుకుంటే ఆయన సాయంత్రం దాకా అలాగే నిలబడేవాడు.

"కుర్చీ బాగానే ఉంది కదండీ. కానివ్వండి" అన్నాను.

ఆయన ఒకసారి కుర్చీ వైపు, ఒకసారి నా చెమట ఒంటి వైపు చూసి, ఫోటోకి కుర్చీయే మేలని తేల్చుకున్నట్టున్నారు. వెనక్కి వెళ్ళారు. బ్యాండు మోగింది. శాలువాల గుట్టలో మునిగిపోయిన కుర్చీతో, దాని వెనక చెయ్యెత్తి నవ్వుతున్న నా అట్టబొమ్మతో బస్సు గీత దాటింది. కమిషనరు గారు ఎదురెళ్ళి దండ వేశారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వెనక నుంచి తాయారు వచ్చింది. ఎంతసేపటి నుంచి ఉందో. బాగా చేశారనీ అనలేదు, బాధ పడ్డారా అనీ అడగలేదు. సంచీలోంచి తువ్వాలు తీసింది. గుమ్మం పక్క మేకుది, అంచు చిరిగింది. భుజాల మీద కప్పబోతే చెయ్యి అందక మునివేళ్ళ మీద లేచింది.

దానికి మాత్రం మెడ వంచాను.